నమూనా గంగాలమ్మ

“ఈరోజు నుంచి ‘మన పేట’ మీద ఎవరి పెత్తనమూ ఉండదు. ఇది నా ఆదేశం!”

మంత్రి శ్రీరామ్మూర్తిగారు బీచ్ రోడ్డు సభలో ఈ మాట అనగానే చప్పట్లు మారుమోగాయి. మూడో వరసలో కూర్చున్న గంగాలమ్మ మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆమె చూపంతా వేదిక మీద పసుపు కుంకుమలతో మెరిసిపోతున్న ఒక పాత కంప్యూటర్ మీదే ఉంది. అది వాళ్ల పేటది.

‘మన పేట’ అంటే ఫోన్లో మాటలు పంపుకునే ఏర్పాటు. దాన్ని ప్రభుత్వం పెట్టలేదు. ఫిషింగ్ హార్బర్లో వైర్‌లెస్ సెట్లు బాగుచేసే అప్పలరాజు మూడేళ్ల కిందట ఒక పాత కంప్యూటర్ తెచ్చి, మత్స్యకారుల సొసైటీ గదిలో ఐసు పెట్టె మీద పెట్టి, వదిన గంగాలమ్మకు దాని గుట్టు విప్పాడు.

“కంపెనీ వోడి డబ్బాలో అందరం దూరిపోడం కాదు వదినా. ఏ పేట డబ్బా ఆ పేటదే. డబ్బాలు ఒకదాంతో ఒకటి మాటాడుకుంటాయి. ఎవుడికీ ఎవుడూ బాసు కాదు.”

అప్పట్నుంచీ గంగాలమ్మ రోజూ పొద్దున్న ఆరింటికి ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, “ఏటమ్మా, ఇంకా నెగనేదా? వంజరం వొచ్చింది, సందువ వొచ్చింది, తరవాత నేదంటే నా తప్పు కాదు” అని కేకలేసేది. తొమ్మిదయ్యేసరికి గాజువాకలో ఆమె చేపల బుట్ట ఖాళీ. ఆ కేకలు వింటే చాలు, గంగాలమ్మేనని అందరికీ తెలిసిపోయేది.

ఇంత గొప్ప వికేంద్రీకరణను మంత్రిగారు ప్రారంభించకుండా ఎలా వదిలేస్తారు? పేటలు అరవై నాలుగు, మంత్రిగారు ఒక్కరు. అందుకని అరవై నాలుగు కంప్యూటర్లనూ లారీలెక్కించి బీచ్ రోడ్డు మీద ఒకే హాల్లోకి తెచ్చారు. మంత్రిగారు ఒకే ఒక్క మీట నొక్కి అన్నిటినీ ఒకేసారి వికేంద్రీకరించారు. సర్క్యులర్లో ‘తరలించుట’ అని ఉంది గాని ‘తిరిగి తరలించుట’ అని లేదు కనుక అవన్నీ సిరిపురంలో ఒక అద్దె భవనంలో ఉండిపోయాయి. దానికి ‘వికేంద్రీకరణ కేంద్ర కార్యాలయం’ అని బోర్డు కట్టారు. ఒక్క కంప్యూటర్ కూడా పోలేదని ఇక్కడ చెప్పుకోకపోతే అధికారులకు అన్యాయం చేసినట్టే.

తర్వాత మంత్రిగారికి ఇంకో చింత పట్టుకుంది. ఎవరు పడితే వాళ్లు మాట్లాడితే, మాట్లాడేది వాళ్లేనని తేలేదెలా? అందుకని ఆకుపచ్చ టిక్కు పెట్టారు. టిక్కు లేనివాడి గొంతు బయటికి రాదు; టిక్కున్నవాళ్లకు రాసి అడగడానికి మాత్రం ఎవరికైనా వీలుంది. టిక్కు కావాలంటే, టిక్కున్నవాళ్లు ఇద్దరు సాక్ష్యం చెప్పాలి.

మొదటి టిక్కు మంత్రిగారికి. రెండోది ‘నమూనా మత్స్యకార మహిళ’కి. ఆవిడ ఫొటోని ఒక ప్రకటనల కంపెనీ ఇచ్చింది: పెదాలకు రంగు, చేతిలో ప్లాస్టిక్ వంజరం. పేరూ అడ్రసూ మాత్రం హార్బర్ డబ్బాలో మొదట కనపడినవి రాసేశారు. మొదటి ఇద్దరికీ ఒక్కో సాక్ష్యంతో సరిపెట్టి, ఈవిడ గంగాలమ్మేనని మంత్రిగారు, ఆయన మంత్రేనని ఆ గంగాలమ్మ సాక్ష్యం చెప్పుకున్నట్టు రికార్డయింది.

మర్నాటి నుంచి అసలు గంగాలమ్మ ఎంత అరిచినా ఫోన్ దాటి పోలేదు. గాజువాకలో “గంగాలమ్మా, రొయ్యలున్నాయా?” అని ఎవరైనా అడిగితే నమూనా గంగాలమ్మ, “మీ సందేశం మాకెంతో విలువైనది. చేపలు త్వరలో” అని తీయగా జవాబిచ్చేది. అసలావిడ బుట్ట సగానికి సగం తిరిగొచ్చేది. చివరికి తొమ్మిదేళ్లుగా చేపలు కొంటున్న నీలిమకు మామూలు ఫోన్ చేసింది.

“అమ్మా, నాను గంగాలమ్మని.”

“గంగాలమ్మ టిక్కుతో ఉంది కదండీ. మీరెవరు?”

తొమ్మిదేళ్లుగా ‘నువ్వు’ అన్న మనిషి ‘మీరు’ అనేసరికి గంగాలమ్మకు ఏడుపొచ్చింది. బతికుండగానే లెక్కలోంచి తీసేసినట్టనిపించింది. పదకొండో రోజున బుట్టతో సహా సిరిపురం వెళ్లి డిప్యూటీ డైరెక్టర్ ఉదయ్‌కుమార్ ముందు నిలబడింది.

“ఏటి బాబూ, నా గొంతు కట్టేసినారు?”

“పేరు, అడ్రసు?”

“గంగాలమ్మ. హార్బర్ పేట.”

ఆయన కంప్యూటర్లో చూశాడు. “గంగాలమ్మ ఆల్రెడీ ఉన్నారు.”

“మరి నానెవుర్ని?”

“మీరు డూప్లికేట్” అన్నాడు, ఏమాత్రం విసుక్కోకుండా. అంత మర్యాద తెలిసిన అధికారి అరుదు. “పోనీ, వేలు పెట్టండి.”

ముప్పై ఏళ్లుగా ఐసులో నానిన వేలు. గీతలన్నీ అరిగిపోయాయి. మిషన్ మూగగా ఉండిపోయింది.

“పెట్టండమ్మా.”

“పెట్టినాను గదా!”

“మిషన్ దృష్టిలో పెట్టలేదు. ఇక టిక్కున్నవాళ్లు ఇద్దరు వచ్చి మీరు గంగాలమ్మేనని చెప్పాలి.”

“టిక్కు ఎవులికుంది?”

“ప్రస్తుతానికి ఇద్దరికి. మంత్రిగారికి, గంగాలమ్మగారికి.”

“అంటే... నాను గంగాలమ్మనని గంగాలమ్మ సెప్పాలా?”

“ఆవిడ ఒప్పుకుంటే ఒక్క నిమిషం పని.”

“ఆవిడెక్కడుంటాది?”

ఉదయ్‌కుమార్ మళ్లీ చూశాడు. “అడ్రస్ మీదేనండీ.”

ఇంతలో బయట సైరన్ మోగింది. మంత్రిగారు సమీక్షకు దిగారు. ముందుగా ప్రజలకు నాలుగు మాటలు చెబుదామని ఫోన్ తీసి మొహానికెదురుగా పట్టుకున్నారు. ఆయన ఖాతాలో ఉన్నది ఫ్లెక్సీల మీద వేసే ఫొటో. అందులో ఆయనకు ముప్పై అయిదేళ్లు, ఒత్తుగా నల్లటి జుట్టు. ‘ఈ ముఖం సరిపోలలేదు’ అంది ఫోన్. మూడుసార్లు అని, ఖాతా మూసేసింది.

“నేనే మంత్రిని!” అని గర్జించారాయన.

“మాకు సందేహం లేదు సార్. సిస్టమ్‌కే ఉంది” అన్నాడు ఉదయ్‌కుమార్.

“సిస్టమ్ ఎవరి చేతిలో ఉంది?”

“ఎవరి చేతిలోనూ లేదు సార్. మీ ఆదేశమే.”

మళ్లీ తెరవాలంటే టిక్కున్నవాళ్లు ఇద్దరు వచ్చి, కెమెరా ముందు కూర్చుని సాక్ష్యం చెప్పాలి. ఆఫీసు ఆఫీసంతా ఒక్కసారిగా బుట్ట పట్టుకున్న మనిషి వైపు తిరిగింది.

“గంగాలమ్మగారూ! నిలబడ్డారేమ్మా, కూర్చోండి!”

“నాను డూప్లికేట్ని గదా?”

“అది ఇందాక, అమ్మా.”

వేలు పెట్టకుండానే టిక్కు వచ్చింది. ప్లాస్టిక్ వంజరం ఫొటో పోయి గంగాలమ్మ ఫొటో వచ్చింది. ‘ఈ వ్యక్తి మీకు తెలుసా?’ అని తెర అడిగింది. గంగాలమ్మ మంత్రిగారిని పైనుంచి కిందికి చూసింది.

“ఫ్లెక్సీలో బాబుకి జుట్టుంటాది.”

మంత్రిగారు బట్టతల తడుముకున్నారు.

“అమ్మా, మీ ఓట్లతో గెలిచినవాణ్ణి, నన్ను చూళ్లేదా?”

“ఓటేసినప్పుడూ ఫ్లెక్సీనే సూసినాం బాబూ. సరే, నొక్కుతాను. ముందు మా డబ్బా మాకిచ్చీండి.”

“ఇచ్చెయ్యవయ్యా!” అన్నారు మంత్రిగారు.

ఉదయ్‌కుమార్ నసిగాడు. “సార్, మీరు మంత్రిగారని తేలితేగాని ఆ ఆర్డర్ చెల్లదు.”

“డబ్బా బుట్టలో పడితేగాని నాను నొక్కను” అంది గంగాలమ్మ.

మంత్రిగారే లేచి వెళ్లి, హార్బర్ చీటీ ఉన్న కంప్యూటర్ వెతికి, రెండు చేతులతో మోసుకొచ్చి బుట్టలో పెట్టారు. గంగాలమ్మ నొక్కింది. ‘ఒక సాక్ష్యం అందింది. ఇంకొకరు కావాలి’ అంది తెర.

“ఇంకెవరికుంది టిక్కు?”

“మీ ఒక్కరికే ఉండేది సార్” అని, ఉదయ్‌కుమార్ కాగితం తీసుకుని ‘గౌరవనీయులైన మంత్రివర్యులకు, మంత్రిగారిని గుర్తించుటకై తమరు స్వయంగా విచ్చేయగలరని మనవి’ అని రాయడం మొదలెట్టాడు. గంగాలమ్మ బుట్ట నెత్తికెత్తుకుని ఆటో ఎక్కింది.

డబ్బా ఐసు పెట్టె మీదికి చేరింది. మర్నాడు పొద్దున్న ఆరింటికి గాజువాకలో ఫోన్లు మోగాయి.

“ఏటమ్మా, ఇంకా నెగనేదా? పదకొండ్రోజులు నాను నేకపోతే సేపలు తినడమే మానేసినారా? వంజరం వొచ్చింది, సందువ వొచ్చింది. ఇంకోటి. వికేంద్రీకరణ సక్సెస్ అయిపోనాదంట. టిక్కున్న నోరు నాదొక్కటే గదా, అందుకని నన్ను సెప్పమన్నారు మంత్రిగారు.”

నీలిమ జవాబు వెంటనే వచ్చింది. “నువ్వేనా గంగాలమ్మా! కిలో వంజరం ఉంచు. ఇంతకీ ఆయన మంత్రిగారని ఎవరు చెప్పారు? ఆయనకి టిక్కుందా?”

“నేదమ్మా. ఇంకో మనిసి కావాలంట. ఆపీసులోనే కూకున్నాడు పాపం. ముక్కలు కొట్టమంటావా, నిండు సేపే తెమ్మంటావా?”