మార్చిలో కప్ప

లేమర్ టిడ్‌వెల్ బతుకులో ఏది చెడినా దానికి డెల్బర్ట్ హాడ్లీయే కారణం. లేమర్ చెప్పే మాట అది. డెల్బర్ట్ అతని పెళ్లాం తమ్ముడు. టైరు మార్చడం చేతకానివాడు, సరస్సు ఒడ్డున ఇల్లు కట్టి, సొంత రేవు మీద నిక్కరుతో నిలబడి, ఒక చేత్తో కాఫీ తాగుతూ రెండో చేత్తో గాలం వేస్తాడు. టైర్ల కొట్టులో నడుం విరగ్గొట్టుకునే లేమర్ మాత్రం సర్కారు రేవులో పడవ దించడానికి చీకటితోనే వరసలో నిలబడాలి.

అందుకే ఈసారి బాస్ చేపల పోటీలో మొదటి బహుమతి ఒడ్డున అర ఎకరం స్థలమని తెలిసిన నాటి నుంచి లేమర్‌కు తిండి సహించలేదు.

పోటీకి ముందు రోజు, శుక్రవారం పొద్దున, ఒంటరిగా సరస్సంతా గాలించాడు. అలబామాలో మార్చి నెల, నీళ్లకు చలి వదల్లేదు. గుడ్లు పెట్టే ముందు బాస్ లోతు విడిచి గడ్డి అంచుకు చేరి ఎర్ర మట్టిరొయ్యల కోసం కాచుకుంటుంది. గిలక్కాయలా మోగే ఎర్ర బొమ్మ ఎరను గడ్డికి తగిలించి లాగితే చాలు, చేప మీద చేప పడింది. రేపూ ఇదే అనుకుంటూ మిస్ ఓపల్ ఎరల కొట్టుకు కాఫీకి వెళ్లాడు.

అక్కడ డెల్బర్ట్ ఉన్నాడు. "బావా, దేనికి పడుతున్నాయ్?"

ఈ ప్రశ్నకు నిజం చెప్పినవాణ్ని ఆ ఊళ్లో పిచ్చాసుపత్రికి తీసుకెళ్తారు.

"కప్పకి," అన్నాడు లేమర్.

రబ్బరు కప్ప నడివేసవి సరుకు. మార్చిలో కప్ప వేయడమంటే ఈత నిక్కరుతో చర్చికి వెళ్లడమే.

"మార్చిలోనా!" డెల్బర్ట్ పగలబడి నవ్వాడు.

లేమర్‌కు మండింది. "తెల్ల కప్ప. నవ్వుకోరా, నవ్వుకో. నాలుగు పౌన్ల కింద ఒక్కటి పడితే ఒట్టు!"

పోయిన ఏడు అమ్ముడుపోని కప్పలు మిస్ ఓపల్ దగ్గర రెండు పెట్టెలున్నాయి. ఆమె వెంటనే తలుపుకు బోర్డు తగిలించింది: 'లేమర్ కప్పలు'. సాయంత్రానికి పెట్టెలు ఖాళీ. పాదిరి బ్రదర్ వెండెల్ ఒక్కడే నాలుగు కొన్నాడు.

తెల్లవారి చీటీలు తీస్తే లేమర్ పడవలో జోడీగా పడ్డది ఆ బ్రదర్ వెండెలే.

"దేవుడే కలిపాడయ్యా. ఆ కప్ప సంగతి నాకూ నేర్పు."

లేమర్ చెయ్యి ఎర్ర ఎర మీదికి పోయింది.

"అదేంటి? కప్ప కాదూ?"

"కప్పే బ్రదర్. ఇది పొరపాటున చేతికొచ్చింది."

సరస్సు నిండా పడవలు, దాదాపు ప్రతి పడవ నుంచీ ఒక తెల్ల కప్ప. చేపలకు చీమ కుట్టినట్టయినా లేదు. పక్క పడవల నుంచి కేకలు: "ఒరే లేమరూ, నీ కప్పకి ఈతొచ్చింది గానీ చేప రాలేదురా!" తన అబద్ధానికి తానే కూలీగా లేమర్ మధ్యాహ్నం దాకా కప్పను విసిరాడు.

అప్పుడు ఎండ కాసింది. ఒక మూలన, గాలి తగలని చోట, నాచు కింద నీళ్లు వెచ్చబడ్డాయి. కప్ప దాని మీద పడగానే నీళ్లు పేలినట్టయింది. గంటలో అయిదు చేపలు, పోటీలో తూచేదీ అయిదే. తూకంలో లేమర్ మొదటివాడు, డెల్బర్ట్ రెండోవాడు.

"నేను ఎర్ర ఎర వేశా బావా. నువ్వు కప్పన్నావంటే కప్ప తప్ప ఏదైనా వెయ్యొచ్చు కదా!" అన్నాడు డెల్బర్ట్, ఏడవలేక నవ్వుతూ.

ఇక మిగిలింది యంత్రం. చేపల కడుపులో సీసం గుండ్లు కూరిన ఘనులు ఉన్నారు గనక, గెలిచినవాణ్ని అబద్ధాలు పట్టే యంత్రం ముందు కూర్చోబెట్టడం రివాజు; అబద్ధం దొరికితే బహుమతి రెండోవాడికి. లేమర్ వేళ్లకు తీగలు చుట్టారు. తలుపు దగ్గర జనం మూగారు, అందరికన్నా ముందు డెల్బర్ట్.

"అయిదూ నువ్వే పట్టావా?" అడిగాడు యంత్రం నడిపేవాడు.

"నేనే." ముల్లు కదల్లేదు.

"పోటీ వేళలోనే?"

"ఆ."

"దేనితో పట్టావు?"

డెల్బర్ట్ మెడ చాచాడు. ముప్పై ఏళ్ల అలవాటున్న నోరు లేమర్‌ను అడక్కుండానే తెరుచుకుంది. "ఊదారంగు రబ్బరు వానపాముతో."

ముల్లు ఎగిరింది.

"కప్పతో కదయ్యా! నేను పక్కనే ఉన్నానుగా!" బ్రదర్ వెండెల్ నెత్తి కొట్టుకున్నాడు.

"మళ్లీ అడుగుతున్నా. దేనితో?"

లేమర్ మళ్లీ నోరు విప్పాడు. కప్ప అనాలనే అనుకున్నాడు. డెల్బర్ట్ ఇంకా వింటున్నాడు.

"చిన్న చెంచా ఎరతో... వెండిది."

ముల్లు కాగితం దాటిపోయింది.

స్థలం డెల్బర్ట్ రాయించుకున్నాడు. లేమర్‌కు పోయింది అర ఎకరం, నీటి వైపు నూట ఇరవై అడుగులు.