డాబా మీద ఐదుగురు

ఉతికిన దుప్పట్లు డాబా మీద ఆరేసి, కూతురు లేచేలోగా కాఫీ పెట్టాలని ఆ ఉదయం అత్తగారు అనుకుంది. అల్లుడు తనకంటే ముందే పైకి వెళ్ళాడని ఆవిడకు తెలియదు. నీళ్ళ ట్యాంకు వెనకనుంచి అతని గొంతు వినిపించింది. కళ్ళజోళ్ళ దుకాణంలో వీధి చివరికి వినిపించేలా మాట్లాడే మనిషి, ఫోనులో గుసగుసలాడుతున్నాడు.

"పిల్లలు ఐదుగురూ క్షేమం. ఒకే తల్లి పిల్లల్లా కనబడాలన్నావుగా, దగ్గర దగ్గరగా నిలబెట్టా. పొడుగువాడు మధ్యలో. లేదు, మా ఆవిడకి తెలీదు. తెలిస్తే నా పని అయిపోయినట్టే."

దుప్పట్లు అక్కడే వదిలేసి అత్తగారు కిందికి దిగింది.

"లేవే. మీ ఆయనకి ఇంకెక్కడో ఐదుగురు పిల్లలున్నారు."

"నీ మనవడొక్కడికే చొక్కా గుండీలు సరిగ్గా పెట్టలేరాయన. ఐదుగుర్నెక్కడ సాకుతారమ్మా?" అంది కూతురు కళ్ళు తెరవకుండానే. కానీ రెండు నిమిషాల్లో ఆమె కూడా తల్లి వెనకే పిల్లి అడుగులు వేసుకుంటూ మెట్లెక్కింది.

"వేళ్ళు సగానికి కత్తిరించా," అంటున్నాడు అల్లుడు. "తీగతో గట్టిగా కట్టేశా, ఇక కదల్లేరు. తలలు నువ్వొచ్చాక తీసేద్దాం. రంపం మర్చిపోకు."

కూతురి ముఖం పాలిపోయింది. ఇంతకంటే రెండో సంసారమే నయమనిపించింది. అత్తగారు డాబా తలుపుకు ఇవతలనుంచి గొళ్ళెం పెట్టి, పోలీసులకు ఫోన్ చేసింది.

ఎస్సై వచ్చేసరికి రంపం పట్టుకున్న మనిషి గేటు దగ్గరే దొరికాడు.

"పిల్లలెక్కడ?"

"పైనండీ. నేనింకా ఒక్కటీ కొయ్యలేదు."

ఆ మాటతో ఎస్సై అతని రెక్క పట్టుకుని పైకి నడిపించాడు. తలుపు తీస్తే అల్లుడు మట్టిచేతులతో తెల్లబోయి చూస్తున్నాడు. పక్కనే వెడల్పాటి పింగాణీ పళ్ళెంలో జానెడేసి మొక్కలు ఐదు, ఒకే మొదలు నుంచి చీలినట్టు ఒరుసుకుని నిలబడి ఉన్నాయి.

"గుంపు బోన్సాయ్ అండీ," అన్నాడు రంపం మనిషి. "నాకు నర్సరీ ఉంది. పెరిగేకొద్దీ ఐదు మొదళ్ళూ అతుక్కుని ఒకే చెట్టవుతాయి. వేళ్ళు కత్తిరించకపోతే పళ్ళెంలో పట్టవు."

ఎస్సై మీసం చాటున నవ్వుకున్నాడు. కూతురు మెట్టు మీద కూలబడింది. అత్తగారికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఏమీ అనుకోకండి అల్లుడుగారూ. అయినా మొక్కలకి ఇంత దాపరికమెందుకు?"

అల్లుడు పళ్ళేనికి అడ్డంగా జరిగాడు. అలా జరగకుండా ఉండాల్సింది. అత్తగారు వంగి చూసింది. అంచు చుట్టూ నీలిపువ్వులు. కూతురి పెళ్ళికి తాను ఏరికోరి కొనిచ్చిన పళ్ళెం. అడుగున నీళ్ళు పోవడానికి డ్రిల్లుతో పొడిచిన కన్నాలు.

"అయితే అమ్మా, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టేగా?" అన్నాడు ఎస్సై మెట్లు దిగబోతూ.

"తొందరేముంది, కూర్చోండి," అంది అత్తగారు.