బొమ్మ పోతే రీస్కాన్ నొక్కండి

ఆ శనివారం పొద్దున ఆల్విన్ స్టెంగెల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి కొండెక్కాలి. టవర్‌కు పట్టిన మంచు రాల్చాలి. పన్నెండింటికల్లా దిగి వేడి సూప్ తాగాలి. రెండింటికి టీవీ ముందు కూర్చోవాలి. డెబ్బై నాలుగేళ్ల మనిషికి ఇంతకన్నా పెద్ద పథకాలు అక్కర్లేదు.

రెండింటికి ఉన్నది మామూలు ఆట కాదు. బెంట్ క్రీక్ లోయ ఆడపిల్లలు ముప్పై ఒక్క ఏళ్ల తర్వాత మోంటానా రాష్ట్ర బాస్కెట్‌బాల్ పోటీల్లో ఆఖరి ఆటకు చేరారు. ఆట మూడు వందల మైళ్ల అవతల. ఓపికున్నవాళ్లు బస్సెక్కి వెళ్లిపోయారు. ముసలివాళ్లు, ఆవులు ఈనే రోజులు కనుక కొట్టం వదలలేని పశువులవాళ్లు మిగిలారు. వీళ్లకు ఆట కనపడాలంటే దారి ఒక్కటే. దూరపు పట్నంలోని స్టేషన్ వదిలే సిగ్నల్‌ను కొండ మీది టవర్ పట్టుకుని, మళ్లీ లోయలోకి వదలాలి. ఆ టవర్ ఊరివాళ్లు చందాలేసుకుని నిలబెట్టుకున్నది. నలభై ఏళ్లుగా దాన్ని చూసుకుంటున్నది ఆల్విన్. జీతం లేదు. తిట్లు మాత్రం ఏ నెలా ఆగలేదు.

సాయంత్రం ఆరింటికి, ఫైరింజన్ ఉంచే ఫైర్ హాల్లో ఊరి మీటింగు. టవర్ పీకేసి ఇంటింటికీ డిష్ పెట్టుకుందామని డువేన్ హౌగెన్ తీర్మానం తెస్తున్నాడు. డువేన్ పశువుల కొట్టం కొండ కిందే ఉంటుంది గాని, నోరు లోయంతా ఉంటుంది. ఆట చక్కగా కనపడితే టవర్ నిలుస్తుంది, కనపడకపోతే ఆరు గంటలకు దాని పని అయిపోతుంది. అంతే సంగతి.

"పది నిమిషాలు ఆపుతా," అన్నాడు ఆల్విన్ బూట్లు బిగించుకుంటూ.

"ఆపకుండా మంచు రాల్చలేవా?" అంది భార్య లోరెయిన్.

"యాంటెన్నా పక్కన నిలబడాలి. అది నడుస్తుంటే ఉడికిపోతా."

"ఊళ్లోవాళ్లకి చెప్పావా?"

"పది నిమిషాలేగా."

ఆల్విన్‌కు ఒక మాటతో పోయేదానికి రెండో మాట ఖర్చుపెట్టే అలవాటు లేదు. ఆ పూట పెట్టి ఉంటే బాగుండేది.

ఎందుకంటే లోయలో ప్రతి ఇంటి ఫ్రిజ్ మీదా ఆల్విన్ రాసిన కాగితం ఒకటి అంటించి ఉంది. పోయిన ఏడు టవర్ వాడే చానెళ్లు మారినప్పుడు అతనే ఇల్లిల్లూ తిరిగి పంచాడు. "బొమ్మ పోతే రీస్కాన్ నొక్కండి" అని పెద్దక్షరాల్లో ఉంది. అది ఆ ఒక్క రోజుకే రాసిన మాట. ఆ ముక్క మాత్రం కాగితం మీద రాయలేదు.

రీస్కాన్ నొక్కితే టీవీ ఏం చేస్తుందంటే, తన దగ్గరున్న చానెళ్ల పట్టీ చింపేస్తుంది. గాలినంతా కింది నుంచి పైదాకా వాసన చూసి, దొరికినవాటితో కొత్త పట్టీ రాసుకుంటుంది. గాల్లో ఏమీ లేనప్పుడు నొక్కారనుకోండి, ఏమీ లేదని రాసుకుంటుంది. ఆ తర్వాత సిగ్నల్ వచ్చి ఇంటి కప్పు మీద గంతులేసినా తలెత్తి చూడదు.

పదీ పదిహేనుకు ఆల్విన్ కొండ మీద స్విచ్ ఆపాడు. పదీ పదహారుకు పోస్టాఫీసు పక్కింటి మేబెల్ క్రోక్ టీవీలో బొమ్మ పోయింది. ఆవిడ లేచి ఫ్రిజ్ మీది కాగితం చదివి, చెప్పినట్టే నొక్కింది. అక్కడితో ఊరుకోక చెల్లెలికి ఫోన్ చేసి, "నీకూ పోయిందా? నొక్కు మరి! ఆల్విన్ రాసిచ్చాడుగా," అంది. చెల్లెలు వదినకు చేసింది. వదిన చర్చి పాటల బృందం మొత్తానికి చేసింది. పది నిమిషాల్లో లోయలో నూటా పది ఇళ్లవాళ్లు రీస్కాన్ నొక్కేశారు. నలభై ఏళ్లలో ఆల్విన్ చెప్పిన మాట ఊరంతా విన్నది ఆ ఒక్కసారే.

పదిన్నరకు ఆల్విన్ స్విచ్ వేశాడు. టవర్ కింది గుడిసెలో పరీక్ష కోసం పెట్టుకున్న అరచేతి టీవీలో బొమ్మ అద్దంలా వచ్చింది. జేబులోని వాకీటాకీ గుర్రుమంది. ఇంటి నుంచి లోరెయిన్.

"ఆల్విన్, ఎవరికీ బొమ్మ రావట్లేదట."

"ఇక్కడ వస్తోంది."

"నువ్వొక్కడివే చూసుకుని మురిసిపో. ఇప్పటికి ఇరవై ఏడు ఫోన్లు. చేతిలో ఉన్నది అట్ల కర్రో ఫోనో తెలీకుండా ఉంది నాకు."

ఇక్కడ బొమ్మ ఉండి కింద లేదంటే, యాంటెన్నాకు పోయే తీగ దగ్గరే ఏదో తేడా అనుకున్నాడు ఆల్విన్. మళ్లీ స్విచ్ ఆపి, నిచ్చెనెక్కి, బాగానే ఉన్న అతుకును ఊడదీశాడు. ఊడదీయగానే నట్టు చేతిలోంచి జారి మోకాలి లోతు మంచులో పడింది.

వంగి మంచు తవ్వుతుండగా మళ్లీ వాకీటాకీ. "ఆల్విన్, మేబెల్ తిడుతోంది. నీ కాగితంలో ఉన్నట్టే నొక్కిందట. అయినా రాలేదట."

ఆల్విన్ మంచులో అలాగే కూలబడ్డాడు.

"ఎంతమంది నొక్కారు?"

"నొక్కనివాళ్లెవరని అడుగు."

సంగతి అర్థమైంది. కొండ మీద ఏ తప్పూ లేదు, తప్పంతా ఫ్రిజ్‌ల మీద ఉంది. "నేను చెప్పేదాకా ఎవర్నీ టీవీ ముట్టుకోవద్దను. స్విచ్ వేశాక అందరూ ఒకసారి నొక్కాలి," అన్నాడు. అతని లెక్కలో అది ఉపన్యాసం.

లోరెయిన్ బుర్ర చురుకైనది. నూటా పది ఇళ్లకు మళ్లీ ఫోన్లు చేసే ఓపిక ఆవిడకు లేదు. ఫోన్ చేసి తిట్టినవాళ్లందరికీ ఒకటే మాట చెప్పింది: "ఫైర్ హాల్ సైరన్ మోగుతుంది. మోగగానే నొక్కండి. అందరికీ చెప్పండి." ఫైర్ హాల్ చూసుకునే డార్లీన్ వోస్‌తో, "నేను ఫోన్ చేసినప్పుడు సైరన్ ఒక్కసారి మోగించు," అంది. డార్లీన్ సరేనంది. ఏర్పాటు చక్కగా కుదిరింది.

కుదరని సంగతి ఒక్కటే. ఆ సైరన్ యాభై ఏళ్లుగా రోజూ పన్నెండింటికి దానంతటదే మోగుతుంది. లోయలో అన్నాలకు లేచేది దాన్ని విని. రోజూ వినేది కనుక అది ఎవరికీ గుర్తు రాలేదు.

పన్నెండింటికి మోగింది. ఆల్విన్ అప్పుడే దొరికిన నట్టు పళ్ల మధ్య పెట్టుకుని నిచ్చెన మీద ఉన్నాడు. స్విచ్ ఆపే ఉంది. కింద నూటా పది ఇళ్లలోనూ ఒక్కసారే నొక్కారు.

"నేను చెప్పలేదే!" అన్నాడు నట్టు ఉమ్మేసి.

"నేనూ చెప్పలేదు," అంది లోరెయిన్ వాకీటాకీలో. గడియారం చూసి, "పన్నెండయింది," అంది.

నట్టు మళ్లీ మంచులో పడింది.

ఈసారి వంగి తవ్వలేక, గ్యాస్ మంట వెలిగించి మంచు కరిగించాడు. కొండ మీద తెల్లటి ఆవిరి మబ్బులా లేచింది. నట్టు దొరికింది. బిగించాడు. పన్నెండూ నలభైకి స్విచ్ వేసి, "మోగించమను," అన్నాడు.

డార్లీన్ మోగించింది. అన్నాల సైరన్ అయిపోయాక మోగేది లోయలో ఒక్కదానికే: ఎక్కడో మంట. ఒక్కరూ టీవీ వైపు చూడలేదు, అందరూ వాకిట్లోకి పరిగెత్తారు. చూస్తే కొండ మీద తెల్లగా పొగ! డార్లీన్ గదిలోంచి బయటికొచ్చేలోపే రస్ టాలఫ్‌సన్, మరో అయిదుగురు ఫైరింజన్ తీసుకుని వెళ్లిపోయారు. మంచులో జారకుండా ఇంజను చక్రాలకు గొలుసులు ముందే కట్టి ఉన్నాయి. ఆ ఒక్కరోజైనా కట్టకుండా ఉండాల్సింది.

ఆల్విన్ సామాన్లు సర్దుకుంటుండగా ఇంజను కొండెక్కింది.

"మంటెక్కడ?" అరిచాడు రస్.

"మంట లేదు."

"మరి ఆ పొగేంటి?"

"ఆవిరి."

"ముందే చెప్పొచ్చుగా ముసలోడా!" అన్నాడు రస్. అప్పటికే వెనకున్నవాడు గొట్టం తిప్పేశాడు. నీళ్లు గుడిసె కప్పు మీదుగా లేచి యాంటెన్నాకు తలంటిపోశాయి. బయట చలి సున్నాకు ఇరవై డిగ్రీల కింద. నీళ్లు కిందికి కారేలోపే గడ్డకట్టాయి. పొద్దున ఆల్విన్ రాల్చడానికి వచ్చిన మంచు వేలెడు మందం. ఇప్పుడున్నది జానెడు.

రస్ టోపీ తీశాడు, చావు దగ్గర తీసినట్టు.

పాత రోజులైతే ఇంత బాధ లేదు. అప్పుడు సిగ్నల్ బలహీనపడితే బొమ్మ మీద చుక్కలు పడేవి, ఒక మనిషికి ఇద్దరు కనపడేవారు. ఆ చుక్కల్లోనే బంతి ఏదో చుక్క ఏదో పోల్చుకుంటూ ఆటలు చూసిన తరం అది. ఈ కొత్త పద్ధతి వేరు. బొమ్మను అంకెలుగా తరిగి, ముక్కలు చేసి పంపుతారు. టీవీ ఆ ముక్కలేరుకుని తిరిగి బొమ్మ కడుతుంది. కొన్ని దారిలో పడిపోయినా లెక్క వేసి పూడ్చుకుంటుంది. మోతాదు దాటి పడిపోయాయా, కాసేపు గళ్లు గళ్లుగా గింజుకుని నల్లగా ఊరుకుంటుంది. సగం బొమ్మ అన్నమాటే లేదు. ఆ మంచుగడ్డ లోంచి వెళ్లే సిగ్నల్‌తో బొమ్మ కొండ పాదం దాకా రావచ్చు. ఊరిదాకా రాదు. ఎన్నిసార్లు నొక్కినా రాదు.

మధ్యాహ్నం ఒంటిగంటా నలభై అయింది. ఆల్విన్ పికప్‌లో మెల్లగా దిగాడు. వెనకే ఇంజను. కొండ కింద డువేన్ కొట్టం పక్కకు వచ్చేసరికి లోపల్నుంచి జనం గోల వినపడింది, విజిల్ వినపడింది. బండి ఆపి తలుపు తోశాడు.

ఒక ఆవు నిలబడి ఉంది. దాని వెనక డువేన్, కుడి చెయ్యి భుజందాకా లోపల. ఎదురుగా మందుసీసాల అరలో చిన్న టీవీ, దాని నెత్తిన రెండు కొమ్ముల యాంటెన్నా. తెరమీద బెంట్ క్రీక్ పిల్లలు బంతి విసురుతూ ఒళ్లు వేడెక్కించుకుంటున్నారు. బొమ్మ అద్దంలా ఉంది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆవు కూడా చూసింది.

"తలుపెయ్యి, చలొస్తోంది," అన్నాడు డువేన్.

"నీ డిష్ ఏమైంది?"

"ఇంట్లో ఉంది."

"అందులో చూడొచ్చుగా."

"అందులో పక్క రాష్ట్రం పట్నం వార్తలొస్తాయిరా. నా మనవరాలి ఆట వాళ్లకెందుకు?" డువేన్ మొహం ఎర్రబడింది. "పన్నెండో నంబరు దాందే."

"రీస్కాన్ నొక్కలేదా?"

"దేంతో నొక్కను? పొద్దున్నుంచి నా చెయ్యి ఎక్కడుందో కనపడట్లా? రెండుసార్లు పోయింది, రెండుసార్లూ దానంతటదే వచ్చింది. ఒరేయ్ ఆల్విన్, ఇది గనక బయట చెప్పావో..."

"నేను చెప్పను," అన్నాడు ఆల్విన్. అది నిజమే. చెప్పడం అతనికి అలవాటు లేదు. కానీ జేబులో వాకీటాకీ మీట చలికి గడ్డకట్టి నొక్కుకుపోయి ఉంది. వంటింట్లో లోరెయిన్ అంతా వింటూనే ఉంది. ఆ తర్వాత వచ్చిన ప్రతి ఫోనుకూ ఆవిడ చెప్పింది ఒకటే ముక్క: "డువేన్ కొట్టానికి పోండి."

ఆట మొదలయ్యేసరికి కొట్టంలో అరవై మంది ఉన్నారు. మేబెల్ కుర్చీ తెచ్చుకుంది. ఫైరింజనువాళ్లు గడ్డిమోపుల మీద ఎక్కారు. సగం ఆట దగ్గర ఆవు ఈనింది. దూడను ఎవరూ పట్టించుకోలేదు. ఆఖరి నిమిషంలో రెండు పాయింట్లు వెనకబడి ఉండగా బంతి పన్నెండో నంబరు చేతికొచ్చింది. అందరూ లేచి నిలబడ్డారు. అరవై ఒళ్లు తలుపుకూ యాంటెన్నాకూ మధ్య గోడ కట్టాయి. బొమ్మ గళ్లు గళ్లయింది.

"కూర్చోండి!" అన్నాడు ఆల్విన్. నలభై ఏళ్లలో అతను అరవడం ఎవరూ వినలేదు.

అరవై మందీ ఉన్నచోటే కూర్చున్నారు. పశువుల కొట్టంలో ఉన్నచోటే అంటే దేనిలోనో చెప్పక్కర్లేదు. గళ్లు కలిసి బొమ్మయింది. బంతి మూడు పాయింట్ల గీత అవతల నుంచి లేచి వలలో పడింది. డువేన్ ఏడుస్తూ పక్కనున్న మనిషిని కావిలించుకున్నాడు. ఆ మనిషి ఆల్విన్.

ఆరింటికి ఫైర్ హాల్లో కిటికీలన్నీ తెరిచి మీటింగు పెట్టారు. అందరూ కొట్టంలో సంబరం ముగించుకుని తిన్నగా వచ్చినవాళ్లే. డువేన్ లేచి తీర్మానం కాగితం చూశాడు, జనాన్ని చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"దీన్ని వెనక్కి తీసుకుంటున్నా."

"ఎందుకు?" అంది మేబెల్ తీయగా.

"అడగొద్దు."

అయినా లెక్క సరిగా ఉండాలని డార్లీన్ ఓటు పెట్టింది. టవర్ ఉండాలన్నవాళ్లు చేతులెత్తమంది. హాలంతా చేతులే. రస్ రెండూ ఎత్తాడు. ఆల్విన్ నేలకేసి చూస్తూ మెల్లగా తన చెయ్యీ ఎత్తాడు.

"వద్దన్నవాళ్లు?"

ఒక్క చెయ్యి లేచింది. పొద్దున్నుంచి రెండు వందల పద్నాలుగు ఫోన్లు ఎత్తిన లోరెయిన్‌ది.