తాబేలు వీపు మీద వీలునామా

ఒక పెద్ద అడవిలో ఒక గుహ ఎవరికి దక్కిందన్నదే ఈ కథ. చిన్నది. పొయ్యి మీద అన్నం ఉడికేలోపు అయిపోతుంది.

పెద్ద అడవి అన్నానే గానీ, మరీ అంత పెద్దదేం కాదు. ఈ చివర ఎవరైనా తుమ్మితే, ఆ చివర కొంగ శేషగిరి బయల్దేరబోయినవాడు ఆగి కూర్చుంటాడు. శేషగిరి అంటే మడుగు ఒడ్డున ఒంటికాలి మీద కళ్లు మూసుకుని నిలబడే పెద్దమనిషి. తపస్సు అంటాడు. ఆయన కళ్లు తెరిచినప్పుడల్లా చేపల ఇళ్లలో ఒకరు తగ్గుతారు. అయినా మాట తప్పడని పేరు. అసలు మాట్లాడితే కదా తప్పడానికి. ఆయన సంగతి తర్వాత చెబుతాను, గుహ దగ్గరికి వద్దాం.

గుహ సింగారమ్మది. సింగారమ్మ ముసలి ఎలుగుబంటి. పళ్లన్నీ ఊడిపోయాయి, ఆస్తి మాత్రం చెక్కుచెదరలేదు. వానాకాలంలో అడవంతా తడిసి ముద్దవుతుంటే ఆ గుహ ఒక్కటే పొడిగా ఉండేది. పిల్లల్లేరు. పక్క బొరియలో ఉండే కుందేలు బుల్లెమ్మే రోజూ దుంపలు నమిలి మెత్తచేసి నోటికి అందించేది. బుల్లెమ్మ బొరియలోకి ఏటా నీళ్లొస్తాయి. కిందటి వానల్లో ఒక పిల్ల కొట్టుకుపోయింది.

సింగారమ్మకి ఒక మేనల్లుడున్నాడు, గవర్రాజు. అత్తంటే ప్రాణం. తేనెల కాలంలో ఒక పట్టు తెచ్చిచ్చి, గుహ ఎన్ని బారలుందో కొలుచుకుని వెళ్లేవాడు. వీలునామా లేకుండా పోతే ఆస్తి దగ్గరి చుట్టానికే చెందాలని ఆ అడవి ఆచారం.

అందుకని సింగారమ్మ నక్క వకీలు వరదయ్యని పిలిపించింది.

"గుహ బుల్లెమ్మకి రాయి. కానీ గవర్రాజుకి తెలియకూడదు."

"గొడవ చేస్తాడనా అమ్మగారూ?"

"తేనె మానేస్తాడని."

వరదయ్యకి ఆవిడ మీద గౌరవం పెరిగింది. "రాయడం ఎంతసేపండీ. దాచడమే కష్టం. ఆకు మీద రాస్తే చెదలు తింటాయి. ఉడతకిస్తే భద్రంగా పాతిపెడుతుంది, ఎక్కడ పాతిందో దానికే గుర్తుండదు. పోనీ నా దగ్గరే..."

"నీ దగ్గర వద్దు."

"నేనూ అదే అనబోతున్నాను," అన్నాడు వరదయ్య, ఏమాత్రం నొచ్చుకోకుండా.

చివరికి తాబేలు కూర్మయ్య కుదిరాడు. చెద పట్టడు, చిరగడు, అందరికంటే ఎక్కువకాలం బతుకుతాడు. పైగా సొంత ఇల్లు వీపు మీదే ఉంది, ఇంకొకరి ఇంటి మీద ఆశపడడు.

"నా వీపు మీద ఏం రాస్తున్నారు?" అన్నాడు కూర్మయ్య.

"నీకు చెప్పకూడదు."

"నాకు కనపడదు కూడా."

"అందుకే నువ్వు."

వరదయ్య బొగ్గు మసిలో ముళ్లపంది ముల్లు ముంచి రాశాడు. సింగారమ్మ అరచేతి ముద్ర వేసింది. ఎవరూ చదవకుండా పైన మందంగా బురద మెత్తి ఆరబెట్టారు. ఆ తర్వాతే సాక్షుల్ని పిలిచారు. ఒకరు శేషగిరి, కళ్లు మూసుకుని ఉన్నాడు. రెండోవారు గుడ్లగూబ, మిట్టమధ్యాహ్నం వచ్చాడు.

"కూర్మయ్య ఎక్కడ?" అన్నాడు గుడ్లగూబ.

"మీ ముందే ఉన్నాడండీ."

"చూశాను," అన్నాడు గుడ్లగూబ.

అంతా అయ్యాక వరదయ్య ఇంకో షరతు చెప్పాడు. బురద తడిస్తే రాత పోతుంది కాబట్టి కూర్మయ్య ఇక మడుగులో దిగకూడదు.

"ఎన్నాళ్లు?"

"అమ్మగారు ఉన్నన్నాళ్లు."

కూర్మయ్య సింగారమ్మ వైపు చూశాడు. ఆరోగ్యంగానే కనిపించింది.

వానలొచ్చాయి. వీలునామా తడవకుండా ఉండాలంటే పొడి చోటు కావాలి, అడవిలో పొడి చోటు ఒక్కటే. కూర్మయ్యని తెచ్చి గుహలోనే పెట్టారు. మరుసటి వానల ముందు సింగారమ్మ కాలం చేసింది. గవర్రాజు గుహంతా పొర్లి పొర్లి ఏడ్చాడు. ఏడుస్తూనే లోపలి మూల ఒకటి ఇదివరకు కొలవలేదని గమనించాడు.

వీలునామా విప్పమన్నారు. వరదయ్య గొంతు సవరించుకున్నాడు.

"గుహలో ఉన్న వస్తువు విప్పాలంటే గుహ యజమాని అనుమతి ఉండాలి."

"యజమాని ఎవరు?" అంది బుల్లెమ్మ.

"అది వీలునామాలో ఉందమ్మా."

"అయితే విప్పండి బాబూ."

"అనుమతి ఏదీ?"

వాయిదా వేశారు. తన మీద దయ ఉంచమని గవర్రాజు వాయిదాకో తేనెపట్టు తెచ్చేవాడు. బుల్లెమ్మ దుంప తెచ్చేది. వరదయ్య దుంపలు తినడు. గుహ ఎవరిదో తెలిసింది ఆయనొక్కడికే. తెలిసిందంతా చెప్పేస్తే వకీలు ఎందుకవుతాడు?

ఈలోగా వాన పట్టుకుంది. బొరియలోకి నీళ్లొచ్చేసరికి బుల్లెమ్మ పిల్లలతో వచ్చి గుహలో ఒక మూల కూర్చుంది.

"తీర్పు వచ్చేదాకానే. పిల్లలు తడవకుండా ఉంటే చాలు," అంది.

ఆమె లోపలుంటే రేపు గుహ ఆమెదే అంటారని గవర్రాజూ వచ్చి పడుకున్నాడు. వీళ్లిద్దరూ బురద గీకకుండా చూడాలని సాక్షులొచ్చారు. కక్షిదారులకి దగ్గరగా ఉంటే మంచిదని వరదయ్య వచ్చాడు. చీకట్లో గుడ్లగూబకి పగలు కూడా కనపడసాగింది. శేషగిరి తపస్సు తడవకుండా సాగింది. గవర్రాజు నిద్రలో కాలు చాపితే అది సరిగ్గా కూర్మయ్య మెడ మీద పడేది.

"కాస్త బయటికెళ్లొస్తాను," అన్నాడు కూర్మయ్య ఒకనాడు.

అందరూ కాళ్లు ముడుచుకుని దారిచ్చారు. ఆయన వెళ్లగానే మళ్లీ చాపుకున్నారు. ఇప్పుడు హాయిగా ఉంది. కూర్మయ్య నేరుగా మడుగులో దిగాడు. నీళ్లలో ముందు బురద తేలింది, తర్వాత మసి తేలింది. గుహలోంచి చూస్తే అంతా కనపడుతుంది. చాపిన కాళ్లు ముడుచుకుని ఎవరూ లేచి చూడలేదు.

కొన్నాళ్లకి బుల్లెమ్మే అడిగింది. "వకీలు గారూ, కూర్మయ్య తాత ఏడీ?"

"అదిగో, పడుకున్నాడు," అన్నాడు వరదయ్య, మూలనున్న గుండ్రటి రాయిని చూపించి.

చదివితే గుహ బుల్లెమ్మకి పోతుందేమోనని గవర్రాజు భయం. "పెద్దవాడు, పడుకోనివ్వండి," అన్నాడు.

చదివితే గవర్రాజుకి పోతుందేమోనని బుల్లెమ్మ భయం. "అవును, లేపకండి పాపం," అని పిల్లల్ని ఇంకాస్త లోపలికి జరుపుకుంది.

ఇప్పటికీ ప్రతి పున్నమికీ వాయిదా ఉంటుంది. రాయి మీద కొత్తగా బురద మెత్తుతారు. చెక్కుచెదరలేదని గుడ్లగూబ చూసి చెబుతాడు, శేషగిరి చూడకుండా ఒప్పుకుంటాడు. సొంత గుహలో బుల్లెమ్మ మూలకి ఒదిగి నిద్రపోతుంది. పిల్లలు తడవట్లేదు. మడుగులో కూర్మయ్య ఈదుతున్నాడు. వీపు శుభ్రంగా ఉంది.

నీతి: వీలునామా భద్రంగా ఉండాలంటే ఇనప్పెట్టె అక్కర్లేదు, దాన్ని చదవాలంటే అందరికీ భయం ఉంటే చాలు.