తల తిరిగేవారికి దారి మెట్ల మీదుగా

మందుల వల్ల వచ్చే సైడ్ ఎఫెక్టులు భూమ్మీద లేకుండా పోయాయి! ఈ శుభవార్త మీ చెవిన పడలేదంటే తప్పు మీదే. మీరు మా ఊరి ఆసుపత్రి రెండో అంతస్తు ఎక్కి ఉండరు.

నేను ఎక్కాను. అందుకే ఇంత ధీమాగా చెబుతున్నాను.

మా అత్తగారికి ఆ మధ్య బీపీ మాత్ర మార్చారు. వెంటనే కాళ్ళు వాచి చెప్పుల్లో పట్టనన్నాయి. డాక్టరుగారు ఉదారులు, వాపుకు ఇంకో మాత్ర రాశారు. వాపు తగ్గి తల తిరగడం పట్టుకుంది. దానికీ ఓ మాత్ర! గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు గిట్టనివాళ్ళు. ఒక్క జబ్బుతో వెళ్ళిన మనిషికి ఇన్ని జబ్బులు చేకూర్చడం ఇంకెవరి తరం?

నిన్న ఆవిడ స్నానాల గది గుమ్మంలో తూలి, తలుపు పట్టుకుని ఆగారు. ఆ తలుపు చేతికి అందకపోతే తుంటి ఎముక ఏమయ్యేది?

ఆసుపత్రికి తీసుకెళ్ళాను. గుమ్మంలోనే బోర్డు: 'మందులు వాడాక తల తిరుగుతోందా? మాకు చెప్పండి. రెండో అంతస్తు.' లిఫ్టు రిపేరులో ఉంది. అత్తగారు మెట్ల మొదటి మలుపులోనే రెయిలింగు పట్టుకుని కూలబడ్డారు. నేనొక్కణ్ణే పైకెళ్ళాను.

అక్కడి ఆఫీసరు మహా మర్యాదస్తుడు.

"పేషెంటే వచ్చి చెప్పాలండీ."

"తల తిరుగుతోందండీ, మెట్లెక్కలేరు."

"ఎక్కగలిగితే తిరగనట్టేగా! అలా వచ్చినవాళ్ళకి 'ఏ ఇబ్బందీ లేదు' అని రాసి పంపించేస్తున్నాం."

ఎంత పకడ్బందీ ఏర్పాటు! చూపు మసకబారినవారికి చీమ తలకాయంత అక్షరాల కాగితం. కాళ్ళు లాగేవారికి నిలబడే క్యూ. మతిమరుపు వచ్చినవారికి 'వచ్చే వారం గుర్తుపెట్టుకుని రండి'. ఇక ఫిర్యాదు ఎక్కణ్ణుంచి వస్తుంది? గోడకి 'అత్యంత సురక్షిత ఆసుపత్రి' షీల్డు తళతళలాడుతోంది. ఆయన ప్రేమగా దాని దుమ్ము తుడిచాడు. నేను చేతులు జోడించి అభినందించాను. అంతకన్నా ఏం చేయగలను?

కిందికి దిగేసరికి అత్తగారు అదే మెట్టు మీద, కళ్ళు మూసుకుని ఉన్నారు.

"ఏమన్నారు బాబూ?"

"ఇక్కడి మందులతో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదని తేలిపోయిందట అత్తయ్యగారూ."

ఆవిడ రెయిలింగు వదలకుండానే కళ్ళు తెరిచారు.

"ఎవర్నడిగి తేల్చారు?"