రెండు తలుపుల బండిలో ఆరడుగుల మూడంగుళాలు

ఓ మోకాలిచిప్పలారా, ఓ వెన్నుపూసలారా, ముందుగా మీకు నమస్కరించి ఈ గాథ మొదలుపెట్టుచున్నాను. నవ్వదలచినవారు ఇప్పుడే నవ్వుకొని రండు, నడుమ నవ్వితిరా నాకు గుక్క తప్పును. అది ఆదివారము. ఉదయము తొమ్మిది దాటి పది నిమిషములు. ఇరుకు సందు చివర, రేకుల షెడ్డు ముంగిట, టార్పాలిన్ ముసుగు తొలగించుకొని, అరుణకాంతిపుంజరంజితాంగియై, రజతచక్రచతుష్టయశోభితయై, తన వయసు అరువదేండ్లని ఒప్పుకొనక నిలిచియున్నది రెండు తలుపుల, రెండు సీట్ల, గుడ్డకప్పు పాత స్పోర్ట్సు కారు. దాని ఎత్తు మనిషి ఛాతీకి రాదు.

దాని యెదుట నిలిచినది మన వీరాంగన: అభ్రంకషశిరస్క, ఆజానుబాహువు, ద్వారబంధవైరిణి, బడిలో లెక్కల టీచరు, ఎత్తు ఆరడుగుల మూడంగుళములు. ఊరంతయు ఆమెను నిచ్చెన అనును. మొగము మీద అననివారు చాటున అందురు. ఎనిమిదవ ఏటి నుండి ఆ కారును కడిగినది ఆమె. ఇంజిను దగ్గు విని జబ్బు చెప్పగలిగినది ఆమె. అయినను పన్నెండవ ఏటి తరువాత అందులో పట్టినది లేదు. కారు పోయిన తాతగారిది. దానికిప్పుడు వారసులు కావలెను.

షెడ్డు నీడన ప్లాస్టిక్ కుర్చీలో, చెవిలో దూదితో, వంగిన నడుముతో కూర్చున్న నాయనమ్మ శాసనము ఇది. "పైన గుడ్డ వేసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, మా చెల్లెలింటిదాకా తీసుకెళ్లిన వాళ్లదే బండి. గుడ్డ తీశారంటే గాలికి నాకు చెవిపోటు. ఇంకో మాట, మీ తాత సీటు ఊడదీసే జోలికి మాత్రం ఎవరూ పోవద్దు."

ప్రతిపక్షమున నున్నవాడు మేనత్త కొడుకు, అయిదడుగుల రెండంగుళముల బావ. పది గంటలకు వచ్చెదనని చెప్పియున్నాడు. బండి చేతికి వచ్చినచో దానిని హాలులో నిలిపి చుట్టును అద్దములు బిగించునట, ఇక రోడ్డెక్కనీయడట. ఆ మాట విన్ననాటి నుండి నిచ్చెనకు అన్నము సయించుట లేదు.

కావున ఆమె సీట్ల మేస్త్రీని వెంటబెట్టుకొని యుద్ధమునకు దిగెను. మొదటి దండయాత్ర శిరోముఖముగా జరిగెను: వామహస్తమున తలుపంచును, దక్షిణహస్తమున సీటువీపును గ్రహించి, దీర్ఘనిశ్వాసము విడిచి, ధనుర్వక్రీకృతమేరుదండయై తలను లోనికి చొప్పించిన ఆ శూరురాలు, తల అవతలి తలుపును తాకిన తరువాత గాని కాళ్లింకను రోడ్డు మీదనే యున్నవని గ్రహింపలేకపోయెను. రెండవది పాదముఖముగా జరిగెను. కాళ్లు పెడళ్లను చేరెను, నడుము తలుపు వద్ద ఆగిపోయెను. మూడవది మేస్త్రీ సలహా మేరకు పృష్ఠభాగపురస్సరముగా జరిగెను. ఈ మారు మనిషి మొత్తము లోనికి పోయెను గాని, మోకాళ్లు స్టీరింగునకు అటొకటి ఇటొకటి లేచి నిలిచెను, తల పైగుడ్డను పొడిచి వెలుపలికి బొడిపె కట్టెను. చెప్పులు విప్పిరి. జుట్టుముడి విప్పిరి. ప్రయోజనము సున్న.

అప్పుడామె స్టీరింగు నుద్దేశించి ఇట్లు గర్జించెను: "ఓరీ వర్తులాకార దురహంకారీ, మజ్జానుద్వయనిరోధమే నీ జన్మప్రయోజనమా? తొలగుము, లేదా నా క్రోధాగ్నిజ్వాలలకు ఆహుతి కమ్ము!" అని నేను వ్రాయుచున్నాను గాని, ఆమె నిజముగా అన్నది వేరు. "మేస్త్రీ, కాలు ఇరుక్కుంది. కొంచెం లాగు" అనెను. కవినైన తరువాత ఆ మాత్రము పెంచుకొనకున్న నా నోరు ఊరుకొనునా?

కాలు లాగిన పిదప మేస్త్రీ సీటు అంచును బొటనవ్రేలితో నొక్కి చూచెను. ముప్పదేండ్లు సీట్లు కుట్టిన వ్రేలది, దానికి అబద్ధములు చెల్లవు.

"పెద్దమ్మగారూ, ఇది కంపెనీ ఎత్తు కాదండీ. పక్క సీటు కంటే నాలుగంగుళాలు ఎక్కువుంది. కింద ఏదో ఉంది."

"ఏం లేదు" అనెను నాయనమ్మ, అతని మాట పూర్తి కాకమునుపే.

"మీరు వద్దంటే నేను చెయ్యి పెట్టనులెండి."

అంతలో బావ చెప్పిన వేళకు ముందే వచ్చెను. వచ్చి, వెన్నలో కత్తి దిగినట్లు సీటులోనికి దిగి, స్టీరింగు పట్టి, మోచేయి కిటికీ మీద ఆనించెను. "చూశావా అమ్మమ్మా, కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది. అచ్చం తాతలా లేనూ?"

నిచ్చెన తన మోకాళ్లు డాష్‌బోర్డు మీద వదలిన మరకలను పాత గుడ్డతో తుడువసాగెను. చిన్ననాటి వలెనే మూలల నుండి మొదలుపెట్టి, పెదవి కొరుకుకొని తుడిచెను. పోగొట్టుకొనబోవు దానిని కూడ శుభ్రముగా అప్పగించునది ఆ పిల్ల. నాయనమ్మ కొంతసేపు మనుమని చూచెను, కొంతసేపు ఆ తుడుచు చేతిని చూచెను. పిదప ఆజ్ఞాపించెను.

"నువ్వు దిగరా. దాని వంతు ఇంకా అవలేదు. మేస్త్రీ, ఆ సీటు ఎత్తు."

సీటు ఎత్తిరి. ఆహా, ఏమని వర్ణింతును! శతాధికమర్మరక్షణదక్షము, దశాబ్దభారవహనధురంధరము అయిన ఒక చెక్కపీట అందుండెను. వంటింటిలో కూర్చుండు మామూలు పీట, నాలుగు మేకులతో బిగించియున్నది.

"అది లేకపోతే మీ తాతకి రోడ్డు కనబడేది కాదు" అనెను నాయనమ్మ. "ఎవరికీ చెప్పొద్దన్నాడు. చెప్పలేదు. పోయాక కూడా చెప్పలేదు. ఇప్పుడు పైనుంచి తిట్టుకుంటాడేమో, తిట్టుకోనీ. పీట పరువు కోసం పిల్ల ఉసురు పోసుకోలేను."

మేకులు ఊడెను. పీట వెలుపలికి వచ్చెను. నిచ్చెన నాలుగవ మారు లోనికి దిగెను. మోకాళ్లు స్టీరింగు కిందుగా జారిపోయెను, వెన్ను ఆనెను, పెడలు అందెను. మేస్త్రీ ఆమె తలకు పైగుడ్డకు నడుమ వ్రేలు దూర్చి కొలిచెను.

"ఒక వేలు ఖాళీ ఉంది టీచరమ్మా. గుంతలు చూసుకుని పోనీండి."

"పీట వేస్తే నేనూ నడుపుతాగా" అని బావ అనెను గాని, నాయనమ్మ అప్పటికే రెండవ తలుపు తీసికొని ఎక్కుచుండెను. ఇంజిను రెండుమార్లు దగ్గి కదలెను. సందు మలుపు దాటిన పిదప నిచ్చెన పక్కకు చూచి, ముసలమ్మ సీటులో సగము జారి గడ్డము రొమ్మున ఆనించి యుండుట గమనించెను.

"నాయనమ్మా, అలా జారిపోతున్నావేం? నడుం నొప్పా?"

"అలవాటే. నలభై ఏళ్లు ఈ సీట్లో ఇలాగే కూర్చున్నాను. నిటారుగా కూర్చుంటే ఆయనకంటే జానెడు పొడుగు కనబడేదాన్ని."

నిచ్చెన గేరు మార్చుట మరచెను. "నువ్వా?"

"మరి నీ పొడుగు ఎవరిదనుకున్నావే? నీకు ఇరుకైన ప్రతి చోటా నాకూ ఇరుకే."

అని పలికి, రెండు చేతులు సీటుపై ఊని, ఒక్కొక్క వెన్నుపూసయే లేచి నిలుచుచుండగా, నాయనమ్మ మెల్లగా, మెల్లగా నిటారుగా కూర్చుండెను. వినుడు లోకులారా, చాటుడు దశదిశల: ఆ ఆదివారము పదింటికి ఇంకను రెండు నిమిషములుండగా, ఒక్క వ్రేలి సందుతో మనుమరాలు దిగ్విజయము సాధించెను. నాయనమ్మ తలకు ఆ వ్రేలెడు సందు కూడ దొరకలేదు. తల గుడ్డకు ఒరయుచున్నను ఆమె చెల్లెలింటి వరకు వంచలేదు.