చెల్లెలు కాదన్న జవాబుదావా

ఆ పొద్దు విజయమ్మ మొగుడు ఆదినారాయణ అనుకున్నది ఇంతే. ఆళ్లగడ్డలో బస్సెక్కి, నంద్యాలలో తాను వాటాలు కొన్న నూనెమిల్లును కళ్లారా చూసుకుని, బావమరిది ఇంట్లో భోంచేసి సాయంత్రానికి తిరిగి రావడం. జోడెద్దులనమ్మి కొన్న వాటాలవి. అమ్మింది విజయమ్మ అన్న లక్ష్మీనారాయణే. తీరా పోయి చూస్తే మిల్లు లేదు, నాలుగు మొండిగోడలూ వాటి నీడన మేకలూ ఉన్నాయి.

"నేనూ మునిగినా బావా," అన్నాడు లక్ష్మీనారాయణ. "నా మీద దావా వెయ్యి. ఆ కాగితం చూపిచ్చి కంపెనీవాళ్లను నేను పట్టుకుంటా. మన మధ్యన ఏముంది."

ఏమీ లేదు గనకనే ఇద్దరూ ఒకే జట్కాలో ప్లీడర్ల దగ్గరికి పోయారు. విజయమ్మ అది విని నవ్వుకుంది కూడా, పిచ్చి తల్లి.

నెల తిరక్కుండా లక్ష్మీనారాయణ తరఫున జవాబుదావా వచ్చింది. "వాది ఎవరో ప్రతివాదికి తెలియదు. వాది భార్య ప్రతివాది చెల్లెలన్నది శుద్ధ అబద్ధం. వాటాలు అమ్మనే లేదు. అమ్మినా మంచివే అమ్మాడు." కింద లక్ష్మీనారాయణ చేవ్రాలు ఉంది.

"అన్నీ కాదనే మొదలుపెడతామప్పా, అది మామూలు," అన్నాడు ఆదినారాయణ ప్లీడరు రామానుజం.

"నా పెండ్లాన్ని చెల్లెలు గాదన్నోనితో మామూలేంది?"

ఆ కోపంలో ఆదినారాయణ, కోయిలకుంట్లలో బావమరిదికున్న శనగచేనును జప్తు చేయించాడు. చేను జప్తయ్యేసరికి లక్ష్మీనారాయణకు నిజంగానే ఒళ్లు మండి ఎదురు దావా వేశాడు. పుట్టింటి తరఫున తొమ్మిదేళ్లు చెల్లెలి ఒడిలో పోసిన ఒడిబియ్యం, తొమ్మిది రవికగుడ్డలు, రెండు కాన్పుల ఖర్చు, అన్నిటికీ ధర కట్టి, తిరిగి ఇప్పించమన్నాడు.

రామానుజం చదువుతుంటే విజయమ్మ గడప మీద కూచుని వింది. "బియ్యం పోసేటప్పుడు మా అన్న కండ్లల్లో నీళ్లు తిరుగుతాండె. దానికెంత కట్టినాడో చూడు సామీ," అంది.

ఆ ఏడు ఒడిబియ్యానికి పిలుపు రాలేదు. విజయమ్మ తానే పోయొస్తానంది.

"కోర్టులో చెల్లెలు గాదంటాండాడు. యాడికి పోతావ్, ఎవురింటికి?" అన్నాడు ఆదినారాయణ. ఆమెకు ఉన్న పుట్టిల్లల్లా ఆ అన్నే. విజయమ్మ మూడు రోజులు ముద్ద ముట్టలేదు.

మూడో ఏట తీర్పు వచ్చింది. ఆదినారాయణ గెలిచాడు. ఎదురు దావాకు మాత్రం జడ్జిగారికి రెండు నిమిషాలే పట్టింది. చెల్లెలు కాదని ప్రతివాదే రాసుకున్నాడు గనక, పరాయి ఆడమనిషికి ఊరికే పోసిన బియ్యం తిరిగి అడిగే హక్కు లేదని కొట్టేశారు.

కోర్టు వరండాలో లక్ష్మీనారాయణ వచ్చి చెల్లెలి ముందు నిలబడ్డాడు. చేతిలో కండువాలో కట్టిన బియ్యం మూట ఉంది. మనిషి సగమయ్యాడు.

"చదవకుండా చేవ్రాలు చేసినానమ్మా. నా బుద్ధి గడ్డి తినింది. ఒడి పట్టు."

విజయమ్మ ఏడుస్తూనే కొంగు పట్టింది. ఆదినారాయణ కూడా తల తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు.

లక్ష్మీనారాయణ ప్లీడరు వరదరాజులు పరుగున వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "చెల్లెలని ఇంతమందిలో ఒప్పుకుంటే మనం కాదన్నవన్నీ అబద్ధాలేనంటారప్పా. మనం వేసే అప్పీలు ఓడిపోతుంది, దాంతో చేనూ పోతుంది."

లక్ష్మీనారాయణ చెల్లెలిని చూశాడు, ప్లీడరును చూశాడు. మూట ముడి మళ్లీ బిగించాడు.

విజయమ్మ కొంగు ఇంకా పట్టుకునే ఉంది. ఆమె చెల్లెలో కాదో అప్పీలులో తేలడానికి మహా అయితే నాలుగేళ్లు పడుతుందని వరదరాజులు ఓపికగా చెప్పాడు.